బాల్యపు తొలి జ్ఞాపకం: నిలిచేదెలా, చెరిగేదెలా

పెద్దవారిని ఎవరినైనా జీవితంలో గుర్తున్న మొట్టమొదటి సంఘటన ఏదని అడిగితే, కాస్త ఆలోచించి వారు చెప్పే జవాబు సాధారణంగా మూడు, నాలుగేళ్ల వయసులో జరిగిన ఏదో ఒక చిన్న సంగతి అయి ఉంటుంది. తమ్ముడో చెల్లెలో పుట్టడం, జారిపడి తలకు కుట్లు వేయించుకోవడం, కాపురం ఒక ఊరి నుంచి మరో ఊరికి మారడం, ఇంట్లో పెద్దవారెవరో పోవడం వంటివి ఈ తొలి జ్ఞాపకాల్లో తరచుగా కనిపిస్తాయి. అంతకు ముందటి రోజుల గురించి అడిగితే మాత్రం దాదాపు ఎవరి దగ్గరా జవాబు ఉండదు. రెండేళ్లలోపు జరిగినవి ఏవీ గుర్తుకు రాకపోవడం, మూడేళ్ల నుంచి ఆరేడేళ్ల వరకు జరిగినవాటిలోనూ మామూలుగా కాలం గడవడం వల్ల కలిగే మరుపుతో పోలిస్తే చాలా తక్కువ మాత్రమే మిగలడం అన్న ఈ స్థితిని మనస్తత్వ శాస్త్రంలో శైశవ విస్మృతి అంటారు. ఇది జబ్బు కాదు. ఆరోగ్యవంతులైన మనుషుల్లో సర్వసాధారణంగా ఉండే లక్షణం.

ఈ మరుపులోని వింత ఏమిటంటే, చెరిగిపోయిన ఆ సంవత్సరాలే మనిషి అత్యంత వేగంగా నేర్చుకునే సంవత్సరాలు. తల్లి గొంతును గుర్తుపట్టడం, ఇంటివాళ్లకూ కొత్తవాళ్లకూ తేడా తెలుసుకోవడం, పాకడం, నడవడం, వందల కొద్దీ మాటలు నేర్చి వాటిని వాక్యాలుగా కూర్చడం అన్నీ ఈ కాలంలోనే జరుగుతాయి. ఇంత నేర్చుకోగల మెదడు, నేర్చుకున్న రోజుల్ని మాత్రం ఎందుకు నిలుపుకోలేకపోతోందన్నది నూట పాతికేళ్లకు పైగా శాస్త్రజ్ఞులను ఆలోచింపజేస్తున్న ప్రశ్న. గడిచిన నాలుగైదు దశాబ్దాల పరిశోధనలను కలిపి చూస్తే తేలేది ఒక్కటే: పసివారిలో జ్ఞాపకాలు ఏర్పడుతూనే ఉంటాయి, కానీ ఏర్పడటం వేరు, నిలవడం వేరు, ఆ నిలవడంలో ఎదుగుతున్న మెదడుకు ఎంత పాత్ర ఉందో, ఇంట్లో పిల్లలతో పెద్దలు మాట్లాడే మాటలకూ అంత ముఖ్యమైన పాత్ర ఉంది.

ప్రశ్న మొదలైన తీరు

తొలి జ్ఞాపకాలను పద్ధతి ప్రకారం సేకరించే ప్రయత్నాలు 1890లలో ఆరంభమయ్యాయి. అమెరికాలో కరోలిన్ మైల్స్ జరిపిన విచారణలో జవాబిచ్చినవారి తొలి జ్ఞాపకం సగటున మూడేళ్ల ప్రాంతానిదని తేలింది. అదే దశాబ్దంలో ఫ్రాన్సులో విక్టర్ ఆన్రీ, కేథరిన్ ఆన్రీ దంపతులు ఒక ప్రశ్నావళిని ప్రచురించి, నూట ఇరవై మందికి పైగా పంపిన జవాబులను విశ్లేషించారు. ఆ తర్వాత మరెన్నో సర్వేలు, మరెన్నో దేశాల్లో జరిగినా, పెద్దలు తమ తొలి జ్ఞాపకానికి చెప్పే సగటు వయసు మూడు, మూడున్నర ఏళ్లకు అటూ ఇటూగానే ఉంటూ వచ్చింది.

ఈ శూన్యాన్ని సమస్యగా గుర్తించి దానికి పేరు పెట్టి, కారణం వెతికిన తొలి వ్యక్తి సిగ్మండ్ ఫ్రాయిడ్. 1899లో రాసిన వ్యాసంలోనూ, 1905లో వెలువరించిన లైంగికతపై మూడు వ్యాసాలలోనూ ఆయన దీన్ని చర్చించారు. పసితనపు కోరికలు, అనుభవాలు పెద్దయిన మనసుకు భరించరానివి గనుక మనసు వాటిని అణచివేసి, వాటి స్థానంలో హానిలేని చిన్న దృశ్యాలను తెరలా నిలుపుతుందని ఆయన వాదన. ఈ వాదనకు సాహిత్యంలో, కళల్లో ఎంత ప్రభావం ఉన్నా, తర్వాతి పరిశోధనలు దీన్ని సమర్థించలేదు. కష్టమైనవే కాక, సంతోషకరమైనవీ, ఏ ప్రత్యేకతా లేని రోజువారీ సంగతులూ సమానంగానే చెరిగిపోతున్నాయి; పైగా ఇలాంటి మరుపు ఎలుకల్లో కూడా ఉందని తేలాక, మనిషి మనసులోని నిషేధాలతో మాత్రమే దీన్ని వివరించడం సాధ్యం కాలేదు. అయినా ప్రశ్నను స్పష్టంగా అడిగిన ఘనత మాత్రం ఫ్రాయిడ్‌కే దక్కుతుంది.

జ్ఞాపకం ఒక్కటి కాదు

సైకిల్ తొక్కడం వచ్చి ఉండటం, హైదరాబాదు తెలంగాణ రాజధాని అని తెలిసి ఉండటం, సైకిల్ మీంచి తొలిసారి పడిన సాయంత్రం గుర్తుండటం అన్నవి మూడూ జ్ఞాపకాలే అయినా, మూడూ ఒకే రకానికి చెందినవి కావు. మొదటిది శరీరానికి అలవాటైన నైపుణ్యం. రెండోది లోకం గురించిన ఎరుక. దాన్ని ఎప్పుడు, ఎక్కడ నేర్చుకున్నదీ గుర్తు లేకపోయినా ఫర్వాలేదు. మూడోది ఒకానొక రోజున, ఒకానొక చోట, తనకే జరిగిన సంఘటనకు సంబంధించినది. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త ఎండెల్ టుల్వింగ్ 1972లో ఈ చివరి రెండింటినీ విడదీసి, రెండోదాన్ని విషయ స్మృతిగా, మూడోదాన్ని ఘటనా స్మృతిగా నిర్వచించారు. పసితనంలో నేర్చుకున్న మాటలు, నడక నిలిచి ఉండి, నేర్చుకున్న రోజులు మాత్రం పోవడానికి వివరణ ఈ విభజనతోనే మొదలవుతుంది, ఎందుకంటే శైశవ విస్మృతి ప్రధానంగా ఘటనా స్మృతికి సంబంధించిన లోపం.

ఘటనా స్మృతికి ఆధారమైన మెదడు భాగం ఏదన్నది హెన్రీ మోలైసన్ అనే అమెరికన్ రోగి వల్ల తెలిసింది. తీవ్రమైన మూర్ఛవ్యాధితో బాధపడుతున్న అతనికి 1953లో జరిగిన శస్త్రచికిత్సలో, మెదడు లోపల రెండు పక్కలా ఉండే హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని, దాని చుట్టుపక్కల కణజాలంతో పాటు చాలావరకు తొలగించారు. ఆ తర్వాత అతను 2008లో మరణించేదాకా కొత్త సంఘటనలను గుర్తుంచుకోలేకపోయాడు. అయినప్పటికీ అద్దంలో ప్రతిబింబం చూస్తూ గీత గీయడం వంటి కొత్త నైపుణ్యాలను, వాటిని అభ్యసించిన సంగతి గుర్తు లేకుండానే, రోజురోజుకూ మెరుగ్గా నేర్చుకోగలిగాడని బ్రెండా మిల్నర్ నిరూపించారు. జరిగిన సంఘటనను ముద్రించుకునే పనిలో హిప్పోక్యాంపస్ పాత్ర ఎంతటిదో దీనివల్ల స్పష్టమైంది. దాంతో చాలాకాలం వరకు శైశవ విస్మృతికి సులువైన వివరణ ఒకటి చలామణి అయింది: పసివారి హిప్పోక్యాంపస్ ఇంకా పరిణతి చెందలేదు, కాబట్టి వారిలో సంఘటనల జ్ఞాపకాలే ఏర్పడవు. ఈ వివరణలో సగమే నిజమని తర్వాతి ప్రయోగాలు తేల్చాయి.

మాటలు రాని పసివారిని అడగడం ఎలా

మాట్లాడలేని శిశువుకు ఏది గుర్తుందో తెలుసుకోవాలంటే, ఆ శిశువు చేయగలిగిన పనుల ద్వారానే అడగాలి. చీకే తీరును కొలిచే పరికరంతో ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ 1980లో జరిపిన ప్రయోగంలో, పుట్టి మూడు రోజులైనా నిండని శిశువులు పరాయి స్త్రీ గొంతు కంటే తల్లి గొంతు వినిపించేలా తమ చీకుడు లయను మార్చుకున్నారు. అప్పటికే విన్న గొంతు ఏదో వారి మెదడుకు తెలుసన్నమాట.

అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో కరోలిన్ రోవీ-కోలియర్ దశాబ్దాల పాటు వాడిన పద్ధతి ఇంకా సూటిగా ఉంటుంది. ఊయల పైన వేలాడే రంగుల బొమ్మల గుత్తికీ శిశువు కాలి చీలమండకూ మధ్య ఒక రిబ్బను కడతారు. కాలు ఆడిస్తే బొమ్మలు కదులుతాయని శిశువు కొద్ది నిమిషాల్లోనే గ్రహించి, ఉత్సాహంగా కాలు తన్నడం మొదలుపెడుతుంది. కొన్ని రోజుల తర్వాత అదే బొమ్మలను రిబ్బను కట్టకుండా చూపించినప్పుడు శిశువు వెంటనే కాలు ఆడిస్తే, ఆ సంబంధం గుర్తున్నట్టే లెక్క. ఈ పరీక్షలో రెండు నెలల పసివారికి ఒకటి రెండు రోజులు, మూడు నెలలవారికి సుమారు వారం, ఆరు నెలలవారికి సుమారు రెండు వారాలు గుర్తుంటుందని తేలింది. దాదాపు ఇదే సూత్రంతో, మీట నొక్కితే కదిలే బొమ్మ రైలును వాడినప్పుడు, ఏడాదిన్నర పిల్లలు పదమూడు వారాల వరకు గుర్తుంచుకున్నారు. అంతకంటే విశేషమైన సంగతి, పూర్తిగా మరచిపోయినట్టు కనిపించిన శిశువులకు పరీక్షకు ముందురోజు బొమ్మలు కదులుతుండగా కొద్దిసేపు చూపిస్తే, పోయిందనుకున్న జ్ఞాపకం తిరిగి రావడం.

ప్యాట్రీషియా బవర్ తదితరులు అనుకరణ ద్వారా ఇదే విషయాన్ని పరీక్షించారు. కొన్ని వస్తువులను ఒక వరసలో అమర్చి, ఉదాహరణకు చట్రం నిలబెట్టి, దానికి లోహపు పళ్లెం తగిలించి, సుత్తితో కొట్టి గంట మోగించి చూపిస్తారు. వారాల, నెలల తర్వాత అవే వస్తువులను పిల్లల ముందు పెట్టి వారు ఏం చేస్తారో గమనిస్తారు. తొమ్మిది నెలల శిశువుల్లో సుమారు సగం మంది నెల తర్వాత కూడా ఆ వరసను పాటించగలిగారు. ఇరవై నెలల వయసుకు వచ్చేసరికి ఈ జ్ఞాపకం ఏడాది పాటు నిలవగలదని తేలింది. వరస గుర్తుండటం అంటే సంఘటన రూపం గుర్తుండటమే గనుక, ఇది కేవలం అలవాటు కాదని పరిశోధకులు భావిస్తున్నారు.

యేల్ విశ్వవిద్యాలయంలో నికొలస్ టర్క్-బ్రౌన్ బృందం 2025లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఈ వాదనకు మెదడు లోపలి నుంచే సాక్ష్యం తెచ్చింది. నాలుగు నెలల నుంచి రెండేళ్ల వరకు వయసున్న 26 మంది పసివారికి, మెలకువగా ఉండగానే ఎమ్మారై యంత్రంలో బొమ్మలు చూపించి, కాసేపటికి చూసిన బొమ్మనూ కొత్త బొమ్మనూ పక్కపక్కన చూపించారు. పసివారు పాత బొమ్మ వైపు ఎక్కువసేపు చూస్తే దాన్ని గుర్తుపట్టారని అర్థం. అలా గుర్తుపట్టిన బొమ్మలను తొలిసారి చూసిన క్షణంలో వారి హిప్పోక్యాంపస్ ఎక్కువ చురుగ్గా పనిచేసిందని, ఏడాది దాటిన పిల్లల్లో ఈ సంబంధం బలంగా కనిపించిందని తేలింది. ఏడాది వయసు నాటికే ముద్రించే యంత్రాంగం పని మొదలుపెడుతోందంటే, లోపం ముద్రణలో మాత్రమే లేదని, ఆ తర్వాతి దశల్లోనూ వెతకాలని ఒప్పుకోక తప్పదు.

మరుపు మొదలయ్యే వయసు

పెద్దలకు మూడేళ్ల వయసు గుర్తు లేదు సరే, ఐదేళ్ల పిల్లలకు గుర్తుంటుందా? ఈ చిన్న ప్రశ్నకు అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా బవర్, మరీనా లార్కినా ఇచ్చిన జవాబు ఈ రంగంలో కీలకమైనది. వారు 83 మంది పిల్లలు మూడేళ్ల వయసులో ఉండగా, జంతుప్రదర్శనశాలకు వెళ్లడం, పుట్టినరోజు జరుపుకోవడం వంటి ఇటీవలి సంఘటనల గురించి తల్లులతో మాట్లాడుతుంటే రికార్డు చేశారు. తర్వాత ఆ పిల్లలను కొన్ని బృందాలుగా చేసి, ఐదేళ్ల నుంచి తొమ్మిదేళ్ల మధ్య ఒక్కో బృందాన్ని ఒక్కో వయసులో పిలిచి, అవే సంగతులను అడిగారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలు 60 శాతానికి పైగా సంఘటనలను గుర్తు తెచ్చుకోగలిగారు. ఎనిమిది, తొమ్మిదేళ్లవారి విషయంలో అది సుమారు 35 శాతానికి పడిపోయింది.

అంటే మూడేళ్లనాటి జీవితం పిల్లల దగ్గర కొంతకాలం భద్రంగానే ఉండి, ఏడేళ్లు దాటే సమయంలో వేగంగా జారిపోతుంది. శైశవ విస్మృతి వృద్ధాప్యానికో యౌవనానికో చెందిన మరుపు కాదు, బాల్యంలోనే జరిగిపోయే మరుపు. ఇదే అధ్యయనంలో మరో ముఖ్య సంగతి కూడా బయటపడింది: చిన్న పిల్లలకు ఎక్కువ సంఘటనలు గుర్తున్నా వారు చెప్పే కథనాలు అరకొరగా ఉన్నాయి, పెద్ద పిల్లలకు తక్కువే గుర్తున్నా, గుర్తున్నవాటిని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్న వివరాలతో నిండుగా చెప్పగలిగారు. కథగా కుదిరినవి నిలుస్తున్నాయని, కుదరనివి జారిపోతున్నాయని దీన్నిబట్టి ఊహించవచ్చు.

కెనడాలోని న్యూఫౌండ్లాండ్‌లో కెరోల్ పీటర్సన్ బృందం నాలుగు నుంచి పదమూడేళ్ల పిల్లలను తొలి జ్ఞాపకాలు అడిగి, రెండేళ్ల తర్వాత మళ్లీ అడిగింది. చిన్న వయసువారిలో చాలామంది రెండోసారి వేరే సంఘటనను, ఎక్కువ వయసులో జరిగినదాన్ని, తొలి జ్ఞాపకంగా చెప్పారు. మొదటిసారి చెప్పిన సంగతిని గుర్తుచేసినా అది తమకు జరగనేలేదన్నవారూ ఉన్నారు. పది దాటినవారు మాత్రం చాలావరకు అదే జ్ఞాపకాన్ని మళ్లీ చెప్పారు. దీన్నిబట్టి తొలి జ్ఞాపకం బాల్యమంతటా ముందుకు జరుగుతూ, పదేళ్ల ప్రాంతంలో స్థిరపడుతుందని తేలింది.

ఎదిగే మెదడు చెల్లించే మూల్యం

మరుపు ఇంత వేగంగా జరగడానికి కారణం వెతికే పనిలో జంతువుల మీద ప్రయోగాలు ఎంతో ఉపకరించాయి. బైరన్ క్యాంప్‌బెల్ 1962లో ప్రచురించిన ప్రయోగంలో, వేర్వేరు వయసుల ఎలుకలకు ఒక చోటు ప్రమాదకరమని నేర్పి, కొంతకాలం తర్వాత పరీక్షించినప్పుడు, పెద్ద ఎలుకలు వారాల తర్వాతా ఆ భయాన్ని గుర్తుంచుకుంటే, పసి ఎలుకలు చాలా త్వరగా మరచిపోయాయి. భాష, సంస్కృతి ఏవీ లేని ప్రాణుల్లోనూ ఈ మరుపు ఉండటం వల్ల, దీనికి జీవశాస్త్ర సంబంధమైన పునాది ఉందని స్థిరపడింది.

ఆ పునాది గురించి కెనడాలోని టొరంటో పిల్లల ఆసుపత్రిలో పనిచేసే పాల్ ఫ్రాంక్లాండ్, షీనా జోసెలిన్ దంపతుల బృందం 2014లో సైన్స్ పత్రికలో ప్రతిపాదించిన వివరణ విశేష చర్చకు దారితీసింది. హిప్పోక్యాంపస్‌లోని ఒక భాగంలో పుట్టిన తర్వాత కూడా కొత్త నాడీకణాలు తయారవుతుంటాయి; శైశవంలో ఈ ఉత్పత్తి అత్యధికంగా ఉండి, వయసుతో తగ్గుతుంది. కొత్త కణాలు పాత కణాలతో సంబంధాలు ఏర్పరచుకునేటప్పుడు, అప్పటికే ఉన్న అల్లికలు మారిపోతాయి. పొలంలో కొత్త బోదెలు తవ్వితే పాత కాలువల్లో నీరు పారే దారి మారినట్టు, జ్ఞాపకాన్ని తిరిగి అందుకునే మార్గం చెదిరిపోతుంది. ఈ ఊహను పరీక్షించడానికి ఆ బృందం మూడు రకాల ప్రయోగాలు చేసింది. పెద్ద ఎలుకలకు ఒక భయాన్ని నేర్పాక చక్రం మీద పరుగెత్తించి కొత్త కణాల ఉత్పత్తిని పెంచితే, అవి నేర్చుకున్నది మరచిపోయాయి. పసి ఎలుకల్లో ఆ ఉత్పత్తిని తగ్గిస్తే, వాటికి మామూలు కంటే ఎక్కువకాలం గుర్తుంది. పుట్టుకతోనే మెదడు బాగా ఎదిగి ఉండే గినీ పందులు, డెగూలు అనే జంతువుల్లో శైశవ విస్మృతి సహజంగానే లేదు. మందులతో కొత్త కణాలను పెంచినప్పుడు వాటిలోనూ మరుపు మొదలైంది.

అల్లిక మారిన చోట పాత జ్ఞాపకం పూర్తిగా చెరిగిపోయిందా, లేక అందకుండా ఉండిపోయిందా అన్నది తర్వాతి ప్రశ్న. 2018లో అదే ప్రయోగశాల నుంచి వచ్చిన అధ్యయనంలో, పదిహేడు రోజుల వయసు పసి ఎలుకలు ఒక భయాన్ని నేర్చుకుంటున్నప్పుడు పనిచేసిన నాడీకణాలను గుర్తుపెట్టి, అవి పెద్దవై ఆ సంగతి మరచిపోయాక, ఆ కణాలనే కాంతితో ప్రేరేపించారు. మూడు నెలల తర్వాత కూడా ఎలుకల్లో పాత భయం తిరిగి కనిపించింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో క్రిస్టీనా ఆల్బెరీని బృందం 2016లో జరిపిన ప్రయోగాల్లోనూ, పసితనంలో నేర్చి మరచినది తర్వాత తగిన గుర్తులు ఎదురైనప్పుడు తిరిగి బయటపడగలదని తేలింది. ఎలుకల్లో చూసినదంతా మనుషుల్లోనూ అలాగే జరుగుతుందని చెప్పడానికి ఈ సాక్ష్యం చాలదు. కానీ మరచిపోవడం అంటే చెరిగిపోవడమే కానక్కరలేదన్న సంగతి మాత్రం స్థిరపడింది.

భాష, 'నేను' అన్న ఎరుక

మెదడు కణాలతోనే కథ ముగిస్తే, తొలి జ్ఞాపకపు వయసు మనిషికీ మనిషికీ, సమాజానికీ సమాజానికీ ఎందుకు మారుతుందో తెలియదు. దానికి భాషను, తన గురించిన ఎరుకను కూడా లెక్కలోకి తీసుకోవాలి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో గాబ్రియెల్ సిమ్‌కాక్, హార్లీన్ హేన్ రెండేళ్ల మూడు నెలల నుంచి మూడేళ్ల మూడు నెలల మధ్య పిల్లలకు ఒక మాయాయంత్రాన్ని చూపించారు. మీట లాగితే దీపాలు వెలుగుతాయి, పెట్టెలో పెద్ద బొమ్మ వేసి చేతిపిడి తిప్పితే శబ్దాలు వస్తాయి, ఆపైన అచ్చంగా అలాంటిదే చిన్న బొమ్మ బయటికి వస్తుంది. ఆరు నెలలకో, ఏడాదికో మళ్లీ వచ్చినప్పుడు ఆ పిల్లలు బొమ్మల ఫొటోలను గుర్తుపట్టారు, యంత్రాన్ని నడిపే తీరును చేసి చూపగలిగారు. మాటల్లో చెప్పమన్నప్పుడు మాత్రం, సంఘటన జరిగిన నాటికి తమకు రాని మాటను ఒక్కటి కూడా వాడలేదు. ఈలోగా ఆ మాటలు నేర్చుకున్నా, పాత అనుభవానికి వాటిని తొడగలేకపోయారు. ఆరేళ్ల తర్వాత అడిగితే సుమారు ఐదో వంతు పిల్లలకు మాత్రమే ఆ యంత్రం గుర్తుంది, వారిలో ఇద్దరు ఆట ఆడిన నాటికి మూడేళ్లు నిండనివారు.

సంఘటన తనకు జరిగిందిగా గుర్తుండాలంటే, 'తాను' అన్న ఎరుక ముందుగా ఉండాలన్నది మార్క్ హౌ, మేరీ కరేజ్ చేసిన ప్రతిపాదన. ముక్కు మీద తెలియకుండా రంగు పూసి అద్దం ముందు నిలబెట్టినప్పుడు, ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య పిల్లలు అద్దాన్ని కాకుండా తమ ముక్కునే తడుముకోవడం మొదలుపెడతారు. ఆ ఎరుక ఏర్పడ్డాకే అనుభవాలు తన జీవితానికి చెందినవిగా కూడుకోవడం సాధ్యమవుతుందని, అత్యంత తొలి జ్ఞాపకాలు రెండేళ్లకు ముందుకు వెళ్లకపోవడానికి ఇదొక కారణమని వారు వాదించారు.

ఇంటి మాటలు చేసే మేలు

సంఘటనను కథగా చెప్పడం పిల్లలు పెద్దల దగ్గరే నేర్చుకుంటారు. అమెరికాలో రాబిన్ ఫైవుష్, న్యూజిలాండ్‌లో ఇలేన్ రీస్ తల్లులు పిల్లలతో గడిచిన సంగతులు ముచ్చటించే తీరును ఏళ్ల తరబడి గమనించి, వారిలో రెండు ధోరణులను గుర్తించారు. కొందరు "ఎక్కడికి వెళ్లాం? చెప్పు" అని అదే ప్రశ్నను పదేపదే అడిగి, జవాబు రాకపోతే సంభాషణ ముగిస్తారు. మరికొందరు "తాతయ్యతో తీర్థానికి వెళ్లాం కదా, అక్కడ రంగులరాట్నం ఎక్కితే భయమేసింది, అప్పుడు తాతయ్య ఏం చేశాడు?" అన్న తీరులో వివరం అందిస్తూ, ప్రశ్నలు వేస్తూ, పిల్లవాడు అన్న చిన్న మాటను అందుకుని పెంచుతూ పోతారు. పిల్లలు రెండు నుంచి నాలుగేళ్ల మధ్య ఉండగా ఇలా వివరంగా ముచ్చటించిన తల్లుల బిడ్డలకు, పన్నెండు, పదమూడేళ్ల వయసులో అడిగినప్పుడు, మిగిలినవారి కంటే ముందటి వయసు జ్ఞాపకాలు ఉన్నాయని 2009లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది.

సమాజాల మధ్య తేడాలు కూడా ఈ దారిలోనే అర్థమవుతాయి. చీ వాంగ్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికా విద్యార్థుల తొలి జ్ఞాపకం చైనా విద్యార్థులదానికంటే సగటున ఆరు నెలలు ముందటిది. పైగా అమెరికావారి జ్ఞాపకాలు తమ సొంత భావాల చుట్టూ, చైనావారివి కుటుంబం, నిత్యకృత్యాల చుట్టూ తిరిగాయి. న్యూజిలాండ్‌లో 2000లో వెలువడిన పరిశోధనలో, పూర్వీకుల చరిత్రను నోటి మాటగా నిలుపుకోవడానికి ఎంతో విలువనిచ్చే మావోరీ ప్రజల తొలి జ్ఞాపకం సగటున 33 నెలల వయసు ప్రాంతానిది కాగా, యూరోపియన్ సంతతివారిది 43 నెలలు, ఆసియా సంతతివారిది 58 నెలల ప్రాంతానిది. ఇటలీలో జరిగిన ఒక అధ్యయనంలో ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవారి జ్ఞాపకాలు చిన్న కుటుంబాలవారి కంటే ముందటివి, ఎక్కువ సంఖ్యలో ఉన్నవి అని తేలింది. అమ్మమ్మ, తాతయ్య, బాబాయి, పిన్ని కలిసి ఒకే సంగతిని నలుగురు నాలుగు రకాలుగా చెప్పుకునే తెలుగు ఇళ్లకు ఈ ఫలితంలోని అర్థం సులభంగానే అందుతుంది. పిల్లల ముందు గడిచిన రోజును తిరిగి చెప్పుకోవడం కాలక్షేపంగా కనిపించినా, పిల్లల జీవితకథకు అదే తొలి పాఠం.

జ్ఞాపకమా, విన్న మాటా?

చెప్పుకోవడం వల్ల జ్ఞాపకం నిలుస్తుందన్న సత్యంలోనే మరో చిక్కు ఉంది: జరగనిది కూడా చెప్పుకోవడం వల్ల జ్ఞాపకంగా మారవచ్చు. పిల్లల మనో వికాసంపై విశేష కృషి చేసిన జాన్ పియాజే తనకు రెండేళ్ల వయసులో ప్యారిస్‌లోని షాంజెలిజే వీధిలో జరిగిన అపహరణ ప్రయత్నం స్పష్టంగా గుర్తుందని, ఆయా దుండగుడితో పెనుగులాడటం, ఆమె ముఖం మీద గీతలు, పోలీసు రాక అన్నీ కళ్లకు కట్టినట్టు ఉండేవని రాశారు. ఆయనకు పదిహేనేళ్ల ప్రాంతంలో ఆ ఆయా ఉత్తరం రాసి, అదంతా తాను కల్పించినదని ఒప్పుకుని, అప్పట్లో బహుమానంగా పొందిన గడియారాన్ని తిరిగి పంపింది. ఇంట్లో విన్న కథే ఆయన మనసులో దృశ్యంగా మారిందన్నమాట.

ప్రయోగాలు కూడా ఇదే చెబుతున్నాయి. న్యూజిలాండ్‌లో కింబర్లీ వేడ్ బృందం 2002లో ఇరవై మంది పెద్దలకు, వారి చిన్ననాటి ఫొటోను వేడిగాలి బెలూన్ ప్రయాణపు ఫొటోలో అతికించి చూపించి, మూడు విడతలుగా మాట్లాడించింది. ఎన్నడూ జరగని ఆ ప్రయాణాన్ని సగం మంది పూర్తిగానో కొంతగానో గుర్తు తెచ్చుకున్నారు. 2018లో బ్రిటన్ పరిశోధకులు 6,641 మంది నుంచి సేకరించిన తొలి జ్ఞాపకాల్లో 38.6 శాతం రెండేళ్లు లేదా అంతకు తక్కువ వయసుకు చెందినవని చెప్పినవే. 893 మంది ఏడాది లేదా అంతకు తక్కువ వయసువి కూడా చెప్పారు. ఫొటోలు, ఇంటివారి మాటలు, అలాంటి వయసు గురించి ఉన్న సాధారణ ఎరుక కలిసి ఇటువంటి దృశ్యాలు తయారవుతాయని ఆ పరిశోధకుల అభిప్రాయం. పుట్టువెంట్రుకలు తీయించిన రోజో, అన్నప్రాసనో గుర్తుందని ఎవరికైనా అనిపించినప్పుడు, ఆ దృశ్యం ఇంట్లోని ఆల్బమ్‌లో ఉన్న ఫొటో కోణంలోనే కనిపిస్తోందా అని గమనించుకోవడం ఇందుకే అవసరం.

అలాగని అతి తొలి జ్ఞాపకాలన్నీ కల్పితాలు కావు. జోనెల్ అషర్, యూల్రిక్ నైసర్ 1993లో 222 మంది కళాశాల విద్యార్థులను, తేదీ ఖచ్చితంగా తెలిసిన సంఘటనల గురించి అడిగి, కొన్నింటిని తల్లుల సాక్ష్యంతో సరిచూశారు. తోబుట్టువు పుట్టడం, ఆసుపత్రిలో చేరడం రెండేళ్ల వయసులో జరిగినా కొందరికి గుర్తుంది. కుటుంబంలో మరణం, ఇల్లు మారడం గుర్తుండాలంటే మూడేళ్లు ఉండాల్సి వచ్చింది. పిల్లలు తాము చూసినదాన్ని ఎంతవరకు అర్థం చేసుకోగలిగారన్నది ఈ తేడాకు ఒక కారణం కావచ్చు. మరోవైపు, మనుషులు తమ తొలి జ్ఞాపకాన్ని అసలు జరిగిన వయసు కంటే కొంత ఎక్కువ వయసుకు చెందినదిగా లెక్కవేస్తారని పీటర్సన్ నిరూపించారు; ఆ పొరపాటును సరిచేస్తే సగటు తొలి జ్ఞాపకం రెండున్నరేళ్ల ప్రాంతానికి చేరుతుందని ఆమె 2021లో ప్రకటించారు. మూడున్నరేళ్లన్న పాత గీత ప్రకృతి గీసినది కాదని, కొలిచే తీరును బట్టి కదిలేదని దీనివల్ల తెలుస్తోంది.

గుర్తుండని సంవత్సరాల విలువ

ఈ పరిశోధనలు పిల్లల్ని పెంచేవారికి రెండు విషయాలు స్పష్టం చేస్తున్నాయి. రెండు, మూడేళ్ల పిల్లలు జరిగినదాన్ని చూస్తున్నారు, ముద్రించుకుంటున్నారు, నెలల తర్వాత కూడా గుర్తుపడుతున్నారు. వారితో ఆ సంగతులను ఓపికగా, వివరంగా ముచ్చటిస్తే వాటిలో కొన్ని జీవితాంతం నిలిచే అవకాశం పెరుగుతుంది. ఏడేళ్ల లోపు జరిగే ఈ సంభాషణలకు పెద్ద ఖర్చు లేదు, ప్రత్యేక చదువు అక్కరలేదు. రెండో విషయం ఇంకా ముఖ్యమైనది: గుర్తుండకపోయినంత మాత్రాన ఆ అనుభవాల ప్రభావం పోదు. 2000లో రుమేనియాలో ప్రారంభమైన బుకారెస్ట్ అధ్యయనంలో, అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసివారిలో కొందరిని, చీటీ పద్ధతిలో ఎంపిక చేసి, పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. వారిలో రెండేళ్లలోపు కుటుంబం దొరికినవారికి, మనుషులతో అనుబంధం ఏర్పరచుకోవడంలోనూ తెలివితేటల్లోనూ, ఆలస్యంగా చేరినవారి కంటే, ఆశ్రమంలోనే ఉండిపోయినవారి కంటే మెరుగైన ఎదుగుదల కనిపించింది. పెద్దయ్యాక ఆ తొలి రెండేళ్లలో ఒక్క రోజూ వారికి గుర్తుండే అవకాశం లేదు, అయినా ఆ రోజులే వారి జీవిత గమనాన్ని మార్చాయి.

పసివారికి ఏదీ గుర్తుండదు గనుక వారి ముందు ఏం జరిగినా ఫర్వాలేదని, వారిని ఎవరి దగ్గర ఎలా ఉంచినా ఒకటేనని అనుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. గుర్తుండదన్న మాటలో నిజం ఉన్నా, దాని నుంచి తీసే ఈ ముగింపుకు శాస్త్రంలో ఎక్కడా ఆధారం లేదు. ఆ సంవత్సరాలను అనుభవించినవారు వాటిని గుర్తుంచుకోలేరు గనుక, వాటిని బాగా గడిపించే బాధ్యత, నిజాయితీగా తిరిగి చెప్పే బాధ్యత పూర్తిగా పెద్దలదే.